రెండర్‌లో పచ్చ గళ్లు: ఓవర్‌క్లాక్ చేసిన రైజెన్ స్టేబుల్‌గా ఉందో లేదో లినక్స్‌లో ఎలా తేల్చాలి?

గడియారం_సెంటర్
నల్గొండలో మాది చిన్న స్టూడియో. పెళ్లి వీడియోల ఎడిటింగ్ మొత్తం లినక్స్ మింట్‌లో కేడెన్‌లైవ్ మీదే చేస్తాను. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు 3200, ఒక మామూలు టవర్ కూలర్. మార్చిలో ఓవర్‌క్లాక్ చేశాను, అంటే అది తనంతట తాను నడిచే స్పీడు కన్నా పెంచి, ఆరు కోర్లనూ 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఫిక్స్ చేసి 1.28 ఓల్టులు ఇచ్చాను. ప్రాసెసర్ మీద నిండు లోడు పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ గంటసేపు నడిపాను, ఏమీ కాలేదు. స్టేబుల్ అనుకుని పనిలో పెట్టేశాను.

పోయిన వారం ఒక పెళ్లి వీడియో రెండర్ చేసి, ఇచ్చేముందు ఒకసారి మొత్తం చూశాను. అప్పగింతల దగ్గర, అమ్మాయి చేతులు అత్తగారి చేతిలో పెడుతూ తండ్రి ఏడుస్తున్న షాట్. సరిగ్గా ఆయన మొహం మీద పచ్చ గళ్లు వచ్చాయి. ఒక సెకను కూడా ఉండవు, కానీ అక్కడే వచ్చాయి. మళ్లీ రెండర్ చేస్తే ఆ షాట్ శుభ్రంగా ఉంది, ఈసారి తలంబ్రాల దగ్గర ఫ్రేము చిరిగినట్టు వచ్చింది. కార్డులోని ఒరిజినల్ ఫైలు ఇంకో లాప్‌టాప్‌లో చూస్తే ఎక్కడా మచ్చ లేదు.

హ్యాంగ్ లేదు, రీస్టార్ట్ లేదు, ఎర్రర్ మెసేజ్ కూడా లేదు. అందుకే భయంగా ఉంది. ఇంతకు ముందు ఇచ్చిన వీడియోల్లో ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. ఏ టెస్టు పాసైతే స్టేబుల్ అని నమ్మొచ్చు?

పాలమూరు_పెంగ్విన్
స్ట్రెస్-ఎన్‌జీకి వెరిఫై ఆప్షన్ ఇచ్చారా?

గడియారం_సెంటర్
లేదన్నా. సీపీయూ అన్ని థ్రెడ్లు, గంట టైము, అంతే ఇచ్చాను.

పాలమూరు_పెంగ్విన్
అయితే ఆ గంటలో ప్రాసెసర్‌ను వేడి మాత్రమే చేశారు. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో అది గట్టిగా అడగలేదు. వెరిఫై ఇస్తే వచ్చిన ఫలితాన్ని సరిచూసుకుంటుంది, తేడా ఉంటే ఫెయిల్ అని చెబుతుంది.

అంతకన్నా మంచిది ఎంప్రైమ్. విండోస్‌లో ప్రైమ్95 అంటారు కదా, దాని లినక్స్ రూపం. మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతికే వాళ్లు 1996 నుంచి నడుపుతున్న ప్రాజెక్టుది. ఆ లెక్కలో ఒక్క బిట్టు తప్పినా వారాల పని వృథా అవుతుంది కాబట్టి తప్పును పట్టుకునే ఏర్పాటు దాని లోపలే ఉంది. టార్చర్ టెస్టులో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ (ప్రాసెసర్‌నే ఎక్కువ వేడి చేసే చిన్న లెక్కల రకం) పెట్టండి. కోరు తప్పు చేస్తే 'రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ ఉండాలి' అని రాసి ఆ వర్కర్ (ఆ కోరు మీద నడిచే లెక్క) ఆగిపోతుంది. మిగతావి నడుస్తూనే ఉంటాయి, సిస్టమ్ హాయిగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. మీకు జరిగింది కూడా సరిగ్గా ఇదే.

దేవరకొండ_కోట
పెంగ్విన్ అన్నా, స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ విషయంలో నేను ఒప్పుకోను. ఏవీఎక్స్ (ఒకే ఆదేశంతో చాలా అంకెల్ని ఒకేసారి లెక్కించే పద్ధతి) లెక్కలతో అది పుట్టించేంత వేడి ఏ రెండర్‌లోనూ రాదు. రోజూ చేసే పనిలో రాని లోడు పెట్టి ఫెయిల్ అయింది అనడం ఎందుకు? నేను లినక్స్ కర్నల్‌ను సోర్సు కోడు నుంచి ఆరేడుసార్లు వరసగా కంపైల్ చేస్తాను. అన్ని థ్రెడ్లతో మేక్ నడుస్తుంటే కాష్, ర్యామ్, డిస్కు అన్నీ కదులుతాయి. కంపైలర్ జీసీసీ మధ్యలో 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని చచ్చిపోతే తెలిసిపోతుంది.

పాలమూరు_పెంగ్విన్
కంపైల్ టెస్టు మంచిదే, కాదనను. ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగితే కంపైలర్ బగ్గు అయి ఉండొచ్చు, ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే హార్డ్‌వేర్. 90ల నుంచి లినక్స్ వాళ్లకు సిగ్నల్ 11 (సెగ్మెంటేషన్ ఫాల్ట్) అంటే ఇదే పాఠం. 2017లో మొదటి రైజెన్లు స్టాక్ స్పీడులోనే (కంపెనీ ఇచ్చిన స్పీడు) ఇలా కంపైల్ మధ్యలో సెగ్‌ఫాల్ట్ ఇస్తే, సమస్య ఉన్నట్టు ఏఎండీ ఒప్పుకుని చిప్పులు మార్చి ఇచ్చింది. అది బయటపడింది ఎక్కువగా లినక్స్ వాళ్ల కంపైల్ లోడ్ల వల్లే.

కానీ ఇక్కడ సమస్య క్రాష్ కాదు. తప్పు బిట్టు పాయింటర్‌లో పడితే సెగ్‌ఫాల్ట్ వస్తుంది, డేటాలో పడితే పచ్చ గడి వస్తుంది. రెండోదాన్ని కంపైల్ టెస్టు చూడకుండా దాటేయొచ్చు. ఆయన చేసేది వీడియో. వీడియో ఎన్‌కోడర్ ఎక్స్264లో కూడా ఏవీఎక్స్2 వాడకం ఉంది.

సాగర్_కట్ట
మీరిద్దరూ సీపీయూ దగ్గరే ఆగిపోయారు. ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉందని ఆయన మొదటి పేరాలోనే రాశారు. ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే. డీడీఆర్4 మామూలు ఓల్టేజి 1.2, ఎక్స్‌ఎంపీ 3200 కిట్లు ఎక్కువగా 1.35 మీద నడుస్తాయి. రెండూ ఒకేసారి పెంచి, తప్పు ఎక్కడుందని వెతికితే దొరకదు.

గడియారం గారూ, నా పద్ధతి చెబుతాను. ముందు సీపీయూను స్టాక్‌కు తెచ్చి, ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి మెమ్‌టెస్ట్86+ ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ మెషీన్లలో కూడా నేరుగా నడుస్తుంది. కనీసం నాలుగు పాస్‌లు. ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామ్ సంగతి తేల్చాకే ముందుకు పోవాలి. అది పాసైతే లినక్స్‌లోకి వచ్చి స్ట్రెస్‌యాప్‌టెస్ట్ గంటసేపు. గూగుల్ వాళ్లు తమ సర్వర్ల కోసం రాసుకున్నది, డేటాను మెమరీలో అటూ ఇటూ కాపీ చేస్తూ సరిచూస్తుంది. మెమ్‌టెస్ట్ వదిలేసిన ర్యామ్‌ను అది పట్టిన సందర్భాలు నాకు రెండున్నాయి. ఆ తర్వాతే సీపీయూ పెంచి ఎంప్రైమ్.

ఇంకొకటి, ఇది తప్పకుండా వినండి. టెస్టులు చేస్తున్నంతసేపు పెళ్లి ఫుటేజీ ఉన్న డిస్కు కేబుల్ పీకేయండి. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి టెస్టు చేస్తే ఇంకా మేలు. మూడేళ్ల కింద నేను అస్థిరంగా ఉన్న ర్యామ్‌తో రోజంతా పనిచేశాను. ర్యామ్‌లో తప్పిన బిట్టు డిస్కు మీదికి కూడా చేరింది. డిస్కు ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కాబట్టి స్క్రబ్ (డిస్కు మొత్తం సరిచూసే పని) నడిపితే చెక్‌సమ్ (డేటా సరిచూసే గుర్తు) తప్పిన ఫైళ్ల పేర్లు వరసగా చూపించింది. మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులో పదకొండు పోయాయి. ఎక్స్‌టీ4 అయితే ఫైల్లోని డేటాకు చెక్‌సమ్ ఉండదు, పోయిన సంగతి కూడా తెలియదు.

గడియారం_సెంటర్
డిస్కు ఇప్పుడే పీకేశాను అన్నా. ఇవాళ రాత్రి మెమ్‌టెస్ట్ పెడతాను.

మిర్యాల_మిల్లు
టెస్టు ఏ టైములో చేశారో కూడా చెప్పండి. మార్చిలో రాత్రి పూట చేశారని నా అనుమానం.

మాది మిర్యాలగూడ, రైస్‌మిల్లు ఆఫీసులో బిల్లింగు, కెమెరాల రికార్డింగు ఒకే డబ్బా మీద నడుస్తాయి. జనవరిలో స్పీడు పెంచి రాత్రంతా ఎంప్రైమ్ నడిపితే 71 డిగ్రీలు దాటలేదు. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం రెండింటికి రోజూ ఏదో ఒకటి తేడా కొట్టేది. కూలర్ చేసే పని గదిలో గాలికీ చిప్‌కీ మధ్య తేడాను ఒక హద్దులో ఉంచడం, అంతే. గదిలో 24 ఉంటే 71 చూపించేది, గదిలో 42 ఉంటే దాదాపు 89 చూపిస్తుంది. మన దగ్గర మే నెలలో బయట 45 చూస్తున్నాం, రేకుల కప్పు కింద సంగతి చెప్పనే అక్కర్లేదు. వేడెక్కేకొద్దీ అదే స్పీడుకు చిప్‌కు ఎక్కువ ఓల్టేజి కావాలి. జనవరిలో సరిపోయిన ఓల్టేజి మేలో చాలదు.

పైగా నాది తవుడు దుమ్ము. కూలర్ ఫ్యాన్ తీసి చూస్తే అల్యూమినియం రేకుల మధ్య సందులన్నీ గోధుమరంగు దుమ్ముతో పూడిపోయి, వేలితో లాగితే పీచు గుడ్డలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కొద్దిగా నూనె జిడ్డు కూడా ఉంటుంది కాబట్టి బ్లోయర్‌కు పోదు. పాత టూత్‌బ్రష్‌తో గీకి, పేస్టు మార్చాక అదే లోడుకు 13 డిగ్రీలు తగ్గింది. ముందు ఆ పని చేయండి తమ్మీ.

కొల్లాపూర్_మామిడి
మిల్లు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. టెస్టు చేయాల్సింది మే మధ్యాహ్నమే, కరెంటు పోయి ఎయిర్ కూలర్ ఆగిన గదిలో.

గద్వాల_జరీ
కరెంటు అంటే గుర్తొచ్చింది. నా సిస్టమ్ రోజుకు రెండుసార్లు దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. ఓవర్‌క్లాకే కారణమని నెలరోజులు ఓల్టేజీలు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చు నార్మల్ మోడ్‌లో ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే సందులో డబ్బా పడిపోయేది. స్విచ్చును యూపీఎస్ మోడ్‌కు తిప్పాక మళ్లీ రాలేదు.

పిల్లలమర్రి_నీడ
జరీ గారూ, ఈ రెంటికీ తేడా లాగులోనే తెలిసిపోతుంది. జర్నల్‌సీటీఎల్‌లో కర్నల్ మెసేజీలు, పోయిన బూట్‌వి, అంటే మైనస్ కే, మైనస్ బీ మైనస్ 1 ఇచ్చి చూడాలి. కరెంటు పోతే లాగు మధ్యలో తెగిపోయినట్టు ఉంటుంది, ఏ ఫిర్యాదూ ఉండదు. ప్రాసెసర్ తప్పయితే చాలాసార్లు 'ఎంసీఈ, హార్డ్‌వేర్ ఎర్రర్' అన్న వరస దొరుకుతుంది. అక్కడే చచ్చిపోతే తర్వాతి బూట్ మొదట్లో కనిపిస్తుంది. అందులో సీపీయూ నంబరు, బ్యాంకు నంబరు ఉంటాయి. బూట్ల మధ్య లాగు నిలవాలంటే వార్ కింద, లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డరు ఉండాలి.

రాస్‌డీమన్ కూడా వేసుకోండి. దిద్దుకోగలిగిన చిన్న తప్పుల్ని ప్రాసెసర్ తనే దిద్దుకుని చెప్పి ఊరుకుంటుంది, దాన్ని ఇది డేటాబేస్‌లో రాసి పెడుతుంది. టెస్టు పాసై, రాస్‌డీమన్‌లో నాలుగు దిద్దుబాట్లు కనిపిస్తే నా లెక్కలో అది పాస్ కాదు.

దేవరకొండ_కోట
నీడ గారి చివరి మాట నేను రాసి పెట్టుకుంటున్నాను. నా సిస్టమ్‌లో ఇవాళే చూస్తాను.

వనపర్తి_బెంచ్
అసలు లాభమెంత? 3600 అన్ని కోర్ల లోడులో తనంతట తాను 4.0 దగ్గర తిరుగుతుంది. 4.2 అంటే ఐదు శాతం. మూడు గంటల రెండర్‌లో తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. పైగా ఒంటి కోరుకు 4.2 దాకా బూస్ట్ స్టాక్‌లోనే దొరుకుతుంది. ఒకరి పెళ్లి వీడియోను తొమ్మిది నిమిషాల కోసం పందెం పెట్టడం నాకు నచ్చలేదు. ఇంట్లో ఆటలకు ఎంతైనా పెంచుకోండి, సంతోషమే.

కొల్లాపూర్_మామిడి
బెంచ్ గారూ, సీజన్‌లో రాత్రికి రెండు మూడు పెళ్లిళ్లు రెండర్ పెట్టేవాళ్లకు తొమ్మిది నిమిషాలు కూడా లెక్కే. కానీ రెండుసార్లు రెండర్ చేయాల్సి వస్తే మిగిలిందంతా పోయినట్టే, అది ఒప్పుకుంటాను.

గడియారం_సెంటర్
మూడు రోజుల ఫలితాలు.

మెమ్‌టెస్ట్86+ సీపీయూ స్టాక్‌లో, ఎక్స్‌ఎంపీతో నాలుగు పాస్‌లు, ఒక్క ఎర్రర్ లేదు. స్ట్రెస్‌యాప్‌టెస్ట్ గంట, పాస్. ర్యామ్ మీద అనుమానం తీరింది.

తర్వాత 4.2, 1.28 పెట్టి రాత్రి పదకొండింటికి ఎంప్రైమ్ స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ. రెండు గంటలు నడిచింది, 83 డిగ్రీలు. చాలా సంతోషపడ్డాను. మిల్లు అన్న మాట గుర్తొచ్చి మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఆపి, తలుపు మూసి మళ్లీ పెట్టాను. గదిలో థర్మామీటరు 39. పదకొండో నిమిషంలో నాలుగో వర్కర్ ఆగింది, పెంగ్విన్ అన్న చెప్పిన రౌండింగ్ మెసేజే. అప్పుడు సెన్సర్స్ కమాండ్‌లో 93 డిగ్రీలు. మిగతా ఐదు వర్కర్లు ఏమీ తెలియనట్టు నడుస్తూనే ఉన్నాయి. పక్కన బ్రౌజర్‌లో పాట కూడా ఆగలేదు. స్క్రీన్ చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పాలమూరు_పెంగ్విన్
నాలుగో వర్కర్ అంటే లెక్క సున్నా నుంచి కాబట్టి కోరు 3 అయ్యే అవకాశం ఎక్కువ. ఎల్ఎస్‌సీపీయూ మైనస్ ఈ ఇస్తే ఏ థ్రెడ్ ఏ కోరుదో పట్టికలా చూపిస్తుంది. 3600లో మామూలుగా 3, 9 థ్రెడ్లు ఒకే కోరువి. టాస్క్‌సెట్‌తో ఎంప్రైమ్‌ను ఆ రెంటికే కట్టి నడపండి. ఒంటరిగా కూడా తప్పితే ఆ కోరే బలహీనం, ఒంటరిగా నిలబడితే తేడా వేడి వల్ల, లోడులో ఓల్టేజి జారడం వల్ల.

ఓల్టేజి కూడా చూడండి. బయోస్‌లో మీరు రాసింది 1.28, లోడు పడ్డప్పుడు అందేది అంతకన్నా తక్కువ. సెన్సర్స్‌లో వీకోర్ (కోర్లకు అందే ఓల్టేజి) కనిపించకపోతే సెన్సర్స్-డిటెక్ట్ నడిపి డ్రైవర్ లోడ్ చేయాలి. ఉష్ణోగ్రతకు కే10టెంప్ చాలు, ఓల్టేజికి బోర్డు మీది చిప్‌ది వేరే డ్రైవర్.

దేవరకొండ_కోట
అంటే స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పట్టుకున్నట్టే. నేను ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కర్నల్ కంపైల్ కూడా ఒకసారి మధ్యాహ్నం పెట్టి చూస్తారా, అది పట్టుకుంటుందో లేదో తెలుసుకోవాలని ఉంది.

గడియారం_సెంటర్
కోట అన్నా, పెట్టాను. మధ్యాహ్నం నాలుగుసార్లు కంపైల్ చేస్తే నాలుగూ అయిపోయాయి. సెగ్‌ఫాల్ట్ రాలేదు.

కోరు 3 ఒంటరిగా నిలబడింది. అందరూ కలిసి నడిచినప్పుడే తప్పుతోంది. వీకోర్ లోడులో 1.23కు జారుతోంది. 1.34 చేయమంటారా?

సాగర్_కట్ట
చేస్తే నిలబడొచ్చు. కానీ వేడి ఓల్టేజి వర్గంతో పెరుగుతుంది. 1.28 నుంచి 1.34 అంటే దాదాపు పది శాతం ఎక్కువ వేడి. ఇప్పటికే 93లో ఉన్నారు, ఏఎండీ ఈ చిప్‌కు చెప్పిన గరిష్ఠం 95. మీ గదికి, మీ కూలర్‌కు ఆ దారి మూసుకుపోయింది. స్పీడు దించడమే.

పిల్లలమర్రి_నీడ
ఇంకొక టెస్టు చెబుతాను, ఇది మీ పనికే కుట్టించినట్టు ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఫ్రేమ్ఎండీ5 అని ఒక అవుట్‌పుట్ ఫార్మాట్ ఉంది. వీడియోను డీకోడ్ చేసి ప్రతి ఫ్రేముకు ఒక ఎండీ5 (వేలిముద్ర లాంటి కోడు) రాస్తుంది. హెచ్.264 డీకోడింగ్‌లో ఒక ఫైలుకు ఒకే సరైన జవాబు, ఎన్నిసార్లు చేసినా బిట్టుతో సహా అదే రావాలి. కెమెరా ఫైలు మీద రెండుసార్లు నడిపి, రెండు జాబితాలకు డిఫ్ పెట్టండి. ఒక్క వరస తేడా వచ్చినా ఏ ఫ్రేములో లెక్క తప్పిందో తెలుస్తుంది. డీకోడింగ్ గ్రాఫిక్ కార్డు మీద కాకుండా ప్రాసెసర్ మీదే జరిగేలా చూసుకోండి.

మీ గళ్లు సెకనులోపే పోయాయన్నారు కదా. తప్పిన ఫ్రేము మీద ఆధారపడే తర్వాతి ఫ్రేములన్నీ పాడవుతాయి, కొత్త కీఫ్రేము (వేరే ఫ్రేము మీద ఆధారపడని పూర్తి ఫ్రేము) రాగానే బాగవుతాయి. కెమెరా ఫైళ్లలో కీఫ్రేములు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఎక్స్264 డిఫాల్ట్‌లో 250 ఫ్రేముల దాకా సాగొచ్చు. అందుకే తప్పు ఎన్‌కోడింగ్‌లో కాదు, ఒరిజినల్‌ను చదివేటప్పుడే పడిందని నా ఊహ.

కొల్లాపూర్_మామిడి
అద్భుతం. నేను ఇన్నేళ్లూ కళ్లతో చూస్తూ వెతికాను.

నాది 5600ఎక్స్, కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోరుకోరుకూ ఓల్టేజి తగ్గించే సెట్టింగు) అన్ని కోర్లకూ మైనస్ 25. ఎంప్రైమ్ పన్నెండు గంటలు పాస్. కానీ రాత్రి ఖాళీగా వదిలేస్తే పొద్దున్నకు గడ్డకట్టి ఉండేది. నిండు లోడులో స్పీడు తక్కువ కాబట్టి నిలబడింది, తేలిక పనిలో ఒంటి కోరు 4.6 దాకా ఎగిరినప్పుడు ఆ ఓల్టేజి చాలలేదు. అందుకే కోరు తర్వాత కోరుగా, టాస్క్‌సెట్‌తో ఒక్క థ్రెడ్ ఎంప్రైమ్‌ను ఇరవై నిమిషాల చొప్పున తిప్పే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. రెండు కోర్లు ఐదు నిమిషాల్లో దొరికిపోయాయి. వాటికి మైనస్ 12, మిగతావాటికి మైనస్ 20 ఇచ్చాక ఏడు నెలలుగా ఆగలేదు. కర్వ్ వాడేవాళ్లు నిండు లోడు టెస్టొక్కటే నమ్మొద్దు.

మిర్యాల_మిల్లు
తమ్మీ, కూలర్ తుడిచావా?

గడియారం_సెంటర్
తుడిచాను అన్నా. మీ అంత లేదు కానీ ముందు ఫిల్టర్ మీద మెయిన్ రోడ్డు దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. పేస్టు మార్చాను. ఆరు డిగ్రీలు తగ్గింది.

నీడ గారు చెప్పిన ఫ్రేమ్ఎండీ5 నడిపాను. పాత సెట్టింగు, 4.2, 1.28, మధ్యాహ్నం, ఆ అప్పగింతల ఫైలు మీదే. ఎనిమిదిసార్లు తిప్పితే ఆరోసారి జాబితాలో పద్నాలుగు వరసలు వరసగా తేడా. ఇరవై ఐదు ఫ్రేముల లెక్కలో సగం సెకనుకు కొంచెం ఎక్కువ. గళ్లు కనిపించినంత సేపే.

ఇప్పుడు ఓవర్‌క్లాక్ మొత్తం తీసేశాను. ఎక్స్‌ఎంపీ ఉంచాను. అదే ఫైలు, అదే మూసిన గది, ఇరవైసార్లు, తేడా లేదు. ఎంప్రైమ్ స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ మధ్యాహ్నం నాలుగు గంటలు, ఆరు వర్కర్లూ నిలబడ్డాయి, గరిష్ఠం 81. రాస్‌డీమన్ ఖాళీ. రెండర్ 3 గంటల 6 నిమిషాలు పట్టింది, ముందు 2 గంటల 57.

మార్చి నుంచి ఇచ్చిన పెళ్లిళ్లు పదిహేడున్నాయి. తొమ్మిదింటి ఒరిజినల్ ఫుటేజీ ఇంకా నా దగ్గరుంది. రాత్రికి ఒకటి చొప్పున అన్నీ మళ్లీ రెండర్ చేస్తున్నాను, ఆ ఇళ్లకు ఫోన్ చేసి కొత్త పెన్‌డ్రైవ్‌లు ఇస్తాను. మిగతా ఎనిమిదింటి వాళ్లకు కూడా విషయం చెప్పి, వాళ్ల కాపీలు తెప్పించుకుని మొత్తం చూస్తాను.

వనపర్తి_బెంచ్
మీ మీద గౌరవం పెరిగింది. ఆ ఎనిమిదింటిని చూడటానికి మనిషి కావాలంటే చెప్పండి, ఆదివారం వస్తాను. వనపర్తి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మీ దగ్గరుంటాను.

గడియారం_సెంటర్
రండి అన్నా. భోజనం మా ఇంట్లోనే.

పాలమూరు_పెంగ్విన్
ఫ్రేమ్ఎండీ5 రెండుసార్లు నడిపి డిఫ్ చేసే స్క్రిప్టు ఇక్కడ పెట్టండి. స్టూడియోల వాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు నన్ను అడుగుతున్నారు.

గడియారం_సెంటర్
ఇవాళ నాలుగో పెళ్లి రెండర్‌లో ఉంది. అయిపోగానే రాత్రికి పెడతాను.